నడిపినవారి పేరు నిజమే రాయండి: కారు బీమా క్లెయిములపై పాఠకుల సందేహాలు

కారు ప్రమాదాల తర్వాత బీమా సొమ్ము రాబట్టుకోవడంలో ఎదురైన ఇబ్బందుల గురించి వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదింటిని ఈ సంచికకు తీసుకున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఎల్‌ఎల్‌ఆర్ (డ్రైవింగ్ నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు) తీసుకుని నెలన్నర అయింది. మొన్న ఆదివారం తెల్లవారుజామున నేను పక్క సీట్లో కూర్చుని ఉండగా కారు నడుపుతూ, గేదె అడ్డం వస్తే తప్పించబోయి కరెంటు స్తంభానికి గుద్దేసింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగలలేదు. బానెట్, ముందు బంపరు, కుడివైపు హెడ్‌లైటు, రేడియేటరు పోయాయి. స్తంభం కొంచెం వంగింది. గ్యారేజీవారూ మా బీమా ఏజెంటూ ఒకే మాట చెబుతున్నారు: "అమ్మాయి పేరు రాస్తే పైసా రాదు, మీరే నడిపినట్టు రాసి సంతకం పెట్టండి" అని. ఫారం నా దగ్గరే ఉంది. ఏం చేయమంటారు?
(తాడేపల్లిగూడెం)

జవాబు: ఆ ఫారంలో మీ పేరు రాసి సంతకం పెట్టకండి. మీరు నడిపినట్టు రాయవలసిన అవసరమే లేదు. రాస్తే మాత్రం, న్యాయంగా రావలసిన క్లెయిమును మీ చేతులతో మీరే పాడుచేసుకున్నవారవుతారు.

మీ పాలసీ కాగితాలు తీసి 'డ్రైవర్స్ క్లాజ్' అన్న పేరా చదవండి. ప్రమాదం జరిగిన సమయానికి చెల్లుబాటులో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు కలిగినవారు ఎవరైనా కారు నడపవచ్చునని, చెల్లుబాటులో ఉన్న ఎల్‌ఎల్‌ఆర్ కలిగినవారు కూడా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 3వ నిబంధనకు లోబడి నడపవచ్చునని అందులో ఉంటుంది. ఆ నిబంధన అడిగేవి మూడే. ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటి ఉండకూడదు; దాని గడువు ఆరు నెలలు కాబట్టి మీ అమ్మాయికి ఆ చిక్కు లేదు. ఆ తరగతి వాహనం నడిపే లైసెన్సు ఉన్న వ్యక్తి, అవసరమైతే బండిని అదుపుచేయగలిగేలా పక్కనే కూర్చుని ఉండాలి, మీరు కూర్చున్నారు. కారుకు ముందూ వెనుకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. అది ఉందో లేదో మీరు ఉత్తరంలో రాయలేదు.

ఉంటే మీ క్లెయిముకు ఆటంకం కనిపించదు. లేకపోతే కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు కూడా వాదించడానికి మీకు చోటుంటుంది. పాలసీ షరతు ఏదో ఉల్లంఘించారన్నంత మాత్రాన సొంత వాహన నష్టం క్లెయిమును మొత్తంగా కొట్టివేయనక్కరలేదని, అంగీకరించదగిన మొత్తంలో 75 శాతం వరకు చెల్లించి పరిష్కరించవచ్చునని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అబద్ధం రాసి దొరికిపోయినవారికి ఇలాంటి వెసులుబాటు దొరకదు. తప్పుడు వివరాలతో చేసిన క్లెయిమును పూర్తిగా తిరస్కరించే హక్కు కంపెనీకి ఉంది.

దొరకడం ఎలాగని మీ ఏజెంటు అడగవచ్చు. మీ విషయంలో ఆ స్తంభమే సాక్షి. విద్యుత్ పంపిణీ సంస్థవారు స్తంభం వంగిందని పోలీసులకు ఫిర్యాదు చేస్తే, బండి ఎవరు నడిపారన్నది మీ ఫారంతో సంబంధం లేకుండా మరో కాగితంలో నమోదవుతుంది. నష్టం అంచనా వేయడానికి వచ్చే బీమా సర్వేయర్ కూడా మిమ్మల్నీ, అవసరమైతే మీ అమ్మాయినీ, చుట్టుపక్కల వారినీ విడివిడిగా అడుగుతారు. రెండు కాగితాల్లో రెండు పేర్లు కనిపించిన రోజున మీ మాటలో ఏదీ నమ్మదగినదిగా మిగలదు. ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఇరవై ఏళ్ల పిల్ల తన మొదటి పొరపాటును తండ్రి అబద్ధంతో కప్పిపుచ్చడం చూడడంకన్నా, జరిగింది జరిగినట్టు రాసి ధైర్యంగా నిలబడడం చూడడం ఆమెకు మేలు.

స్తంభం ఖర్చు సంగతి: ఇతరుల ఆస్తికి కలిగే నష్టానికి ప్రైవేటు కారు పాలసీలో సాధారణంగా ఏడున్నర లక్షల రూపాయల వరకు రక్షణ ఉంటుంది. కాబట్టి విద్యుత్ సిబ్బంది వచ్చి డబ్బు అడిగితే మీ అంతట మీరు ఒప్పుకోవద్దు, ఇస్తానని మాట కూడా ఇవ్వవద్దు. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత అంగీకరించకూడదన్నది పాలసీ షరతు. వారిచ్చే నోటీసును యథాతథంగా కంపెనీకి పంపండి.

కారు ఇప్పుడు ఎక్కడుందో తెలియదు గానీ, రేడియేటరు పగిలిన బండిని ఇంజను ఆన్ చేసి గ్యారేజీ దాకా నడపవద్దు. కూలెంటు కారిపోయాక నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది, ఆ నష్టం ప్రమాదం వల్ల కాక ఆ తర్వాత మీరు నడిపినందువల్ల జరిగిందని చెప్పి కంపెనీ చెల్లించదు. టోయింగ్ బండి మీద పంపించి, రశీదు దాచుకోండి. సర్వేయర్ చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. క్లెయిము తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలని, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలని, నివేదిక అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిర్దేశించింది. ఏజెంటుకు ఫోనులో చెప్పాం కదా అని ఊరుకోకుండా, కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకో యాప్‌లోనో నేరుగా తెలియజేసి క్లెయిము నంబరు తీసుకోండి. ఈ గడువులు లెక్కపెట్టడానికి ఆ నంబరు, ఆ తేదీయే మీకు ఆధారం.

ప్రశ్న: పార్కింగులో గోడకు రాసుకుని వెనుక బంపరు పగిలింది. మార్చడానికి 4,500 రూపాయలు అవుతుందన్నారు. మూడేళ్లుగా క్లెయిము చేయలేదు, ఇప్పుడు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) వస్తోంది. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాలపై తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు రక్షణ) తీసుకోలేదు. క్లెయిము చేయనా?
(నెల్లూరు)

జవాబు: వద్దు. బంపరు 3,000, రంగు 1,200, కూలి 300 అనుకుందాం. ప్లాస్టిక్ వస్తువు కాబట్టి తరుగుదల కింద బంపరులో సగం తీసేస్తారు, రంగులో 150 తగ్గిస్తారు, పాలసీదారు తప్పనిసరిగా భరించవలసిన 1,000 రూపాయలు మినహాయిస్తారు. చేతికి వచ్చేది 1,850. క్లెయిము చేయకుండా ఉంటే వచ్చే ఏడాది మీ బోనస్ 45 శాతం అవుతుంది, చేస్తే సున్నాకు పడిపోతుంది. సొంత నష్టం విభాగపు ప్రీమియం 7,000 అయితే, ఆ ఒక్క ఏడాదిలోనే 3,150 రూపాయలు పోగొట్టుకుంటారు. ఆ మరుసటి ఏడాది 50 శాతానికి చేరవలసిన మీరు 20 శాతం దగ్గర మొదలుపెట్టవలసి వస్తుంది.

ప్రశ్న: నా కారు కొని నాలుగేళ్ల రెండు నెలలయింది. 1,200 సీసీ ఇంజను. సమగ్ర పాలసీ ఉంది. వెనుక నుంచి వచ్చిన లారీ ఢీకొట్టడంతో మరమ్మతుకు 1,05,000 రూపాయలు అయింది. కంపెనీ 73,000 మాత్రమే చెల్లించింది. సమగ్ర పాలసీ అంటే మొత్తం ఇవ్వాలి కదా? 32,000 నా జేబులోంచి పోయాయి. బిల్లు వివరం: లోహపు విడిభాగాలు 40,000, ప్లాస్టిక్, రబ్బరు భాగాలు 30,000, అద్దాలు 8,000, కూలి 15,000, రంగు 12,000.
(హనుమకొండ)

జవాబు: మీ బిల్లును టారిఫ్ పట్టిక పక్కన పెట్టి లెక్క కట్టాను. కంపెనీ లెక్క తప్పు కాదు. 'సమగ్ర' అన్న మాట మీకు తప్పుడు భరోసా ఇచ్చింది. ఆ పేరులో ఉన్న సమగ్రత, మీ బండికీ అవతలి వారికీ రెండింటికీ రక్షణ ఉందన్నంత వరకే. పాత విడిభాగం స్థానంలో కొత్తది వేస్తే ఆ తేడా మీరే భరించాలన్న సూత్రం అందులోనూ ఉంటుంది.

నాలుగేళ్లు దాటి ఐదేళ్లు నిండని కారుకు లోహపు భాగాల మీద తరుగుదల 35 శాతం. అంటే 40,000లో 14,000 పోయాయి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద కారు వయసుతో నిమిత్తం లేకుండా 50 శాతం తీసేస్తారు కాబట్టి 30,000లో 15,000 పోయాయి. అద్దాల మీద తరుగుదల లేదు. కూలి మీద కూడా లేదు. రంగు బిల్లులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా లెక్కించి, దానిలో సగం కోస్తారు. 12,000లో నాలుగో వంతు 3,000, అందులో సగం 1,500. ఈ మూడూ కలిపి 30,500. 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు పాలసీదారు తప్పనిసరిగా భరించవలసినది 1,000. అక్కడికి 73,500 మిగిలింది. పాత భాగాలు మీరే ఉంచుకుని ఉంటే వాటి తుక్కు విలువగా 500 తగ్గించి ఉంటారు. సర్వేయర్ నివేదిక ప్రతిని అడిగి తీసుకుంటే ఈ పద్దు కనిపిస్తుంది.

ఇదంతా అమ్మేటప్పుడు ఎవరూ చెప్పకపోవడం మీ కోపానికి అసలు కారణమని నాకు అర్థమవుతోంది, ఆ కోపం న్యాయమైనదే. కారు ఐదేళ్లు దాటాక లోహపు భాగాల మీద 40 శాతం, పదేళ్లు దాటాక 50 శాతం తరుగుదల పడుతుంది. అందుకని వచ్చే రెన్యువల్‌లో జీరో డిప్రిసియేషన్ రక్షణ మీ కారు వయసుకు ఇస్తారేమో అడగండి. అయితే కొన్ని కంపెనీలు దాన్ని ఏడాదికి రెండు క్లెయిములకే పరిమితం చేస్తాయి. తప్పనిసరిగా భరించవలసిన ఆ 1,000 రూపాయలు అప్పుడు కూడా మీరే పెట్టుకోవాలి. ఇంజనాయిలు, కూలెంటు, నట్లు, బోల్టుల వంటివాటికి విడిగా మరో రక్షణ కొనాలి.

మరొక దారి కూడా ఉంది. తప్పు లారీదే అని పోలీసు నమోదులో ఉంటే, మీ జేబులోంచి పోయిన 32,000 కోసం లారీ యజమాని మీదా, లారీ బీమా కంపెనీ మీదా మోటారు ప్రమాద క్లెయిముల ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. మీ కంపెనీ చెల్లించిన మొత్తాన్ని మళ్లీ అడగకూడదు, మిగిలినది అడగవచ్చు. ఖర్చు, తిరుగుళ్లు లెక్క వేసుకుని మీరే నిర్ణయించుకోండి.

ప్రశ్న: జాతీయ రహదారి మీద నా కారు బోల్తాపడి, కాలు విరిగి పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ప్రమాదం రోజునే పోలీసులు కేసు నమోదు చేశారు. ఇంటికి వచ్చిన మరునాడు కంపెనీకి తెలియజేశాను. "వెంటనే తెలియజేయలేదు" అన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించారు.
(నల్గొండ)

జవాబు: తిరస్కరణ లేఖను పదిలంగా ఉంచండి. ఆ ఒక్క కారణమే రాసి ఉండడం మీకు అనుకూలం. నిజమైన క్లెయిములను కేవలం ఆలస్యమైందన్న కారణంతో యాంత్రికంగా తిరస్కరించరాదని, ఆలస్యానికి తప్పించుకోలేని కారణం ఉందేమో చూడాలని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20న అన్ని కంపెనీలకూ ఉత్తర్వు ఇచ్చింది. వాహన దొంగతనం కేసుల్లో సుప్రీంకోర్టు 2020లో, గుర్‌షిందర్ సింగ్ తీర్పులో, పోలీసులకు వెంటనే తెలియజేసినప్పుడు కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే క్లెయిమును కాదనడానికి చాలదని చెప్పింది. మీది దొంగతనం కాకపోయినా, అదే రోజు నమోదైన ఎఫ్‌ఐఆర్ మీకూ అంతే బలాన్నిస్తుంది.

ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి లేఖ రాసి ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఎఫ్‌ఐఆర్ ప్రతి జతచేయండి. కంపెనీ 14 రోజుల్లో పరిష్కరించాలి. బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోను చేసి గానీ, ఆ సంస్థదే అయిన బీమా భరోసా పోర్టల్‌లో గానీ అదే ఫిర్యాదును నమోదు చేయించండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారికి) ఫిర్యాదు చేయండి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ కార్యాలయం పరిధిలోనే ఉన్నాయి. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, 50 లక్షల వరకు అడగవచ్చు. ఏడాదిలోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ తీర్పు ఇస్తే 30 రోజుల్లో కంపెనీ అమలు చేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించవలసి ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లే హక్కు కూడా ఉంది గానీ, అక్కడ కేసు వేశాక అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు. నా సలహా, ముందు అంబుడ్స్‌మన్ దగ్గరికే వెళ్లండి.

ప్రశ్న: నా భర్త వడ్రంగి పని చేసేవారు. వయసు 38. నెలకు 18,000 దాకా తెచ్చేవారు. నాలుగు నెలల కిందట రోడ్డు పక్కన నడిచి వెళ్తుంటే కారు గుద్ది చనిపోయారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు నా మీద ఆధారపడి ఉన్నారు. కారు యజమాని తరఫు పెద్దమనుషులు వచ్చి, రెండు లక్షలు ఇస్తాం, కేసు వద్దని రాసివ్వమంటున్నారు. ఇంటి అద్దెకు కూడా ఇబ్బందిగా ఉంది. తీసుకోమంటారా?
(కర్నూలు)

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద సంతకం చేయకండి. మీకు రావలసినది ఎంతో ఒక్కసారి లెక్క చూడండి.

ఇలాంటి కేసుల్లో పరిహారం కట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ తీర్పులోనూ, 2017లో ప్రణయ్ సేఠీ తీర్పులోనూ స్థిరపరిచింది. నెలకు 18,000 అంటే ఏడాదికి 2,16,000. నలభై ఏళ్లలోపు వయసుండి సొంతంగా సంపాదించుకునేవారికి భవిష్యత్తులో ఆదాయం పెరుగుతుందని 40 శాతం కలుపుతారు, 3,02,400 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 2,26,800 మిగులుతుంది. 36 నుంచి 40 ఏళ్ల వయసువారికి దీన్ని 15తో గుణిస్తారు. మొత్తం 34,02,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకు కలిగిన లోటు కింద ఇచ్చేవి దీనికి అదనం. ఆదాయానికి రుజువు చాలదని ట్రైబ్యునల్ నెలకు 12,000 మాత్రమే లెక్కలోకి తీసుకున్నా, అదే పద్ధతిలో 22,68,000 వస్తుంది.

ఈ సొమ్మును కారుకు థర్డ్ పార్టీ బీమా (ఇతరులకు జరిగే నష్టానికి రక్షణ) ఉంటే బీమా కంపెనీ చెల్లిస్తుంది, యజమాని కాదు. మనిషి ప్రాణానికి జరిగిన నష్టంపై ఆ బీమాలో గరిష్ఠ పరిమితి లేదు. ఆ మాట యజమానికి కూడా చెప్పి చూడండి. తన ఆస్తి పోతుందన్న భయంతో రాజీకి వస్తున్నవారు చాలామంది ఉంటారు. నడిపినవారికి లైసెన్సు లేకపోయినా, బాధిత కుటుంబానికి ముందు కంపెనీ చెల్లించి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలని ట్రైబ్యునల్ ఆదేశించవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసు నాటి నుంచీ ఆ దారి ఉంది. కారు నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే బీమా ఉందో లేదో తెలుస్తుంది. నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమైన నేరం చట్టప్రకారం రాజీ చేసుకోదగినది కాదు కాబట్టి, మీరు రాసిచ్చినంత మాత్రాన పోలీసు కేసు పోదు కూడా.

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. మీకు మిగిలింది రెండు నెలలు. ప్రమాదం వేరే జిల్లాలో జరిగి ఉన్నా, మీరు నివసించే కర్నూలులోనే వేయవచ్చు. పోలీసులు ట్రైబ్యునల్‌కు ప్రమాద నివేదిక పంపవలసి ఉన్నా, దానిమీదే ఆధారపడి కూర్చోకండి.

న్యాయవాదికి డబ్బు ఎక్కడిదన్న దిగులు వద్దు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి ఈ వారమే వెళ్లండి. పరిహారంలో నాలుగో వంతో, మూడో వంతో ఇస్తే కేసు నడుపుతామని ఇంటికి వచ్చేవారిని నమ్మవద్దు. వెళ్లేటప్పుడు ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, మీ అందరి ఆధార్ కార్డులు, రేషను కార్డు, ఆయన వయసు తెలిపే కాగితం పట్టుకెళ్లండి. వడ్రంగి పనికి జీతం రశీదులు ఉండవు. అయినా ఆయన చేత తలుపులు, మంచాలు చేయించుకున్నవారు ఇద్దరు ముగ్గురు వచ్చి ఎంత ఇచ్చేవారో చెబితే అది సాక్ష్యమే. కలప కొట్టువారి చీటీలు, ఫోనులో వచ్చిన చెల్లింపుల వివరాలు, బ్యాంకు పాసుపుస్తకం కూడా ఉపయోగపడతాయి. ఆయన ఫోనును, అందులోని నంబర్లను చెరపకుండా దాచండి. పని చేయించుకున్నవారిని వెతకడానికి అవే ఆధారం.